ఎనిమిది లీటర్లు తాగినా సోడియం ఎందుకు పడిపోయింది?

ప్రశ్న: మాది ఉప్పల్. మావారు సెంట్రింగ్ పని చేస్తారు. వయసు 44, బరువు 64 కిలోలు. రెండేళ్లుగా బీపీ ఉంది, రోజూ ఒక మాత్ర వేసుకుంటారు. స్ట్రిప్ మీద మందు పేరు చివర ‘హెచ్’ అని ఉంది. బీపీ అన్నారని కూరల్లో ఉప్పు సగానికి సగం తగ్గించాను. మే నెలలో ఊళ్లో పెళ్లికి వెళ్లి పదిహేను రోజులు ఉండి వచ్చాం. వచ్చాక మూడో రోజు పనిలో ఉండగానే పిక్కలు పట్టేశాయట. ఎండదెబ్బ తగలకూడదని నీళ్లు తాగుతూనే ఉన్నారు. ఆ ఒక్కరోజే ఎనిమిది లీటర్లు తాగానన్నారు. మూత్రం మాత్రం కొంచెమే, అదీ పచ్చగా వస్తోందని ఇంకా తాగారు. సాయంత్రానికి తలనొప్పి, రెండు వాంతులు, మాట తడబడింది. ఆసుపత్రిలో సోడియం 125 ఉందని చేర్చుకుని రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. ఉప్పే కదా తగ్గింది, ఒక్క పూటలో ఎక్కించలేరా? బిల్లు కోసమే ఉంచారా? నీళ్లు ఎక్కువ తాగినా ప్రమాదమేనా? ఇంట్లో మా అత్తమ్మకు 72 ఏళ్లు. దాహమే లేదంటుంది, రోజుకు మూడు గ్లాసులు తాగితే గొప్ప. ఒకరేమో తాగి పడిపోయారు, ఇంకొకరు తాగమన్నా తాగరు. ఎవరికి ఎంత ఇవ్వాలి? ఆయన్ని మళ్లీ పనికి ఎప్పుడు పంపాలి?
– ఒక గృహిణి, హైదరాబాద్

సమాధానం: ముందు బిల్లు సంగతి చూద్దాం, మీ ఉత్తరంలో కోపమంతా అక్కడే ఉంది కాబట్టి. రెండు రోజులు ఉంచడం సరైన పనే. రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్ మధ్య ఉండాలి. అది తగ్గితే చుట్టూ ఉన్న నీరు మెదడు కణాల్లోకి చేరి అవి ఉబ్బుతాయి. పుర్రె సాగదు కదా, అందుకే తలనొప్పి, వాంతి, మాట తడబాటు. ఇంకా ముదిరితే ఫిట్స్. ఉబ్బిన కణాలు ఊరుకోవు. తమలోని లవణాలను, కొన్ని చిన్న అణువులను బయటికి నెట్టేసి, ఒకటి రెండు రోజుల్లో పాత సైజుకు సర్దుకుంటాయి. అలా సర్దుకున్న కణాల చుట్టూ ఒక్కసారిగా ఉప్పు పెంచితే కథ అడ్డం తిరుగుతుంది. కణాల్లోంచి నీరు బయటికి లాగేస్తుంది, నరాల మీది పొర దెబ్బతింటుంది, కొన్నాళ్లకు మాట, మింగడం, కాళ్లూ చేతుల కదలిక పోయే ప్రమాదం ఉంది. అందుకే 24 గంటల్లో 8, మహా అయితే 10 మిల్లీమోల్‌కు మించి పెంచరు. కొద్ది గంటల్లోనే పడిపోయిందని కచ్చితంగా తెలిస్తే ఇంత భయం అక్కర్లేదు. కానీ మీవారు రెండేళ్లుగా మాత్ర మీద ఉన్నారు, సోడియం ఎన్నాళ్ల నుంచి జారుతోందో ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు నెమ్మదిగా పోవడమే పద్ధతి. ఆ రెండు రోజుల్లో నాలుగైదుసార్లు రక్తం తీసి ఉంటారు, అదీ ఈ లెక్క కోసమే.

ఇక అసలు ప్రశ్న. నీళ్లు తాగితే ఉప్పు ఎందుకు తగ్గుతుంది?

చుట్టాలొచ్చారని పప్పుచారులో రెండు చెంబుల నీళ్లు పోస్తారు. గిన్నెలో ఉన్న ఉప్పు ఎక్కడికీ పోలేదు, అయినా చారు చప్పగా అయిపోతుంది. పరీక్షలో వచ్చే సోడియం అంకె చెప్పేది ఆ చారు రుచినే, గిన్నెలో ఉన్న మొత్తం ఉప్పును కాదు. మీవారి విషయంలో రెండు పనులూ ఒకేరోజు జరిగాయి. ఉప్పు బయటికి పోయింది, నీళ్లు లోపలికి వచ్చాయి.

సుమారు లెక్క వేద్దాం. 64 కిలోల మగమనిషి ఒంట్లో 38 లీటర్ల దాకా నీరుంటుంది. మే నెల ఎండలో స్లాబ్ పని చేస్తే రోజుకు ఐదు లీటర్ల చెమట పోవడం పెద్ద విషయమేమీ కాదు. లీటరు చెమటలో సోడియం 20 నుంచి 80 మిల్లీమోల్ దాకా ఉంటుంది, అంటే ఒక గ్రాము పైచిలుకు మొదలు నాలుగున్నర గ్రాముల ఉప్పు. మధ్యలో 60 అనుకుంటే ఐదు లీటర్లకు 17 గ్రాములు, మూడు చెంచాల ఉప్పు. వచ్చింది ఎనిమిది లీటర్ల మంచినీళ్లు, మూత్రంగా పోయింది లీటరు కన్నా తక్కువ. రెండు లీటర్లు లోపలే మిగిలిపోయాయి. ఈ అంకెలతో గుణించి చూస్తే 140 దగ్గర ఉండాల్సిన సోడియం సరిగ్గా 125, 126 దగ్గరకు వచ్చి ఆగుతుంది. అంటే ఆ రిపోర్టులో వింతేమీ లేదు.

వింత అంతా మూత్రంలో ఉంది. ఎనిమిది లీటర్లు తాగిన మనిషికి మూత్రం కొంచెమే, పచ్చగా రావడమేమిటి? ఈ ఒక్క ముక్క మీరు రాసి ఉండకపోతే సగం సంగతి అర్థమయ్యేది కాదు.

మన మూత్రపిండాలు రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, దాదాపు అంతా తిరిగి రక్తంలో కలిపేసి, లీటరున్నర మాత్రమే బయటికి పంపుతాయి. ఎంత కలపాలి, ఎంత వదలాలి అనేది మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ చూసుకుంటుంది. అక్కడి కణాలు రక్తం గాఢతను ఎప్పటికప్పుడు రుచి చూస్తుంటాయి, ఒకటి రెండు శాతం మారినా పట్టేస్తాయి. ఉప్పన పెరిగితే వేసోప్రెసిన్ అనే హార్మోన్ వదులుతాయి. అది మూత్రపిండాల్లోని నాళాల గోడల్లో నీటి తూములు తెరుస్తుంది, నీరు వెనక్కి వస్తుంది, మూత్రం చిక్కబడుతుంది. దాదాపు అదే వేళకు దాహమూ వేస్తుంది. రక్తం పలచబడితే హార్మోన్ ఆగిపోతుంది, తూములు మూసుకుంటాయి, నీళ్లలాంటి మూత్రం పోతుంది. ఈ తూముల పేరు ఆక్వాపోరిన్లు. వీటిని కనిపెట్టినందుకే పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. తూములన్నీ మూసుకుని ఉన్నప్పుడు ఆరోగ్యవంతుడు గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా అదనపు నీటిని వదిలించుకోగలడు. ఈ లెక్కన మీవారు ఆ రెండు లీటర్లను సాయంత్రానికల్లా పోసేసి ఉండాలి.

పోయలేదు. ఎందుకంటే ఒంట్లో కాపలాదారు ఒక్కడే కాదు. గాఢతను చూసేవాడు ఒకడు. గుండె దగ్గర, మెడ దగ్గర పెద్ద ధమనుల్లో కూర్చుని రక్తం ఎంత ఉంది, ఒత్తిడి ఎంత ఉంది అని చూసేవాడు ఇంకొకడు. మామూలు రోజుల్లో ఇద్దరి మాటా ఒకటే. ఉప్పు బాగా పోయిన రోజున ఇద్దరికీ చెడుతుంది. రక్తనాళాల్లో నీటిని పట్టి ఉంచేది సోడియమే, అది పోతే రక్త పరిమాణమూ పడిపోతుంది. అప్పుడు రెండోవాడు ‘ఒక్క చుక్క కూడా వదలొద్దు’ అంటాడు. మొదటివాడు ‘ఇప్పటికే పలచబడింది, వదిలెయ్’ అంటాడు. పరిమాణం గణనీయంగా తగ్గిన దశలో రెండోవాడి మాటే నెగ్గుతుంది. రక్తం పలచబడితే రేపటిదాకా బతకొచ్చు, రక్తపోటు పడిపోతే గంటలో పోతాం. శరీరం ఎంచుకున్నది తప్పు కాదు. కానీ తూములు తెరిచే ఉండిపోతాయి, తాగిన ప్రతి గ్లాసూ లోపలే ఉండిపోతుంది, మూత్రం చిక్కగా పచ్చగా వస్తుంది. దాన్ని చూసి నీళ్లు చాల్లేదనుకుని ఆయన ఇంకా తాగారు. పైగా ఒళ్లు హూనమయ్యే పని, నొప్పి, వికారం కూడా వేసోప్రెసిన్‌ను పెంచేవే. వికారం మరీను. కడుపులో తిప్పడం మొదలయ్యాక తాగిన నీళ్లే ఎక్కువ చెడు చేసి ఉంటాయి.

లేత పసుపు మూత్రం మంచిది, ముదురు పసుపైతే నీళ్లు తాగండి అని మేమే చెబుతుంటాం. చాలామందికి అది సరిపోతుంది. కానీ లీటర్ల కొద్దీ తాగాక కూడా పచ్చగా, కొంచెంగా వస్తుంటే ఆ సూత్రం పక్కన పెట్టాలి. అప్పుడు కావలసింది ఉప్పు, నీడ, డాక్టరు. బి-కాంప్లెక్స్ మాత్రలు వేసుకున్నా మూత్రం పచ్చగానే వస్తుంది, అది వేరే సంగతి. ఎండలో బరువు పని చేశాక ముదురు గోధుమ రంగులో వస్తే మాత్రం కండరాలు కరుగుతున్నాయేమో చూడాలి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక ఆ ‘హెచ్’. బీపీ మాత్ర పేరు చివర ఆ అక్షరం ఉంటే సాధారణంగా అందులో హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసి ఉన్నట్టు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో చూడండి. అదే పేరు ఉన్నా, లేక క్లోర్‌థాలిడోన్, ఇండాపమైడ్ అని ఉన్నా అన్నీ ఒకే తీరు మందులు. మూత్రంలో ఉప్పును పంపి బీపీ తగ్గిస్తాయి. చవకైనవి, మంచి మందులు, లక్షలాది మందికి మేలు చేస్తున్నాయి. చిక్కేమిటంటే, మూత్రపిండం అదనపు నీటిని వదలాలంటే ముందు మూత్రంలోంచి ఉప్పును వెనక్కి లాగి దాన్ని పలచన చేయాలి. ఆ లాగే చోటే ఈ మందు అడ్డుపడుతుంది. అంటే మీవారికి నాలుగు వైపుల నుంచి ఒకేసారి దెబ్బ పడింది: చెమటలో ఉప్పు పోయింది, మాత్రతో ఉప్పు పోయింది, కూరలో ఉప్పు లేదు, నీళ్లు మాత్రం ఎనిమిది లీటర్లు వచ్చాయి. మీరు ఉప్పు తగ్గించడం తప్పు కాదమ్మా. ఉప్పు రోజుకు 5 గ్రాములకు మించొద్దని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా చెబుతోంది. ఫ్యాను కింద కూర్చుని పనిచేసేవారికి అది తిరుగులేని సలహా. రోజుకు ఐదు లీటర్ల చెమట కార్చేవారికి అదే అంకెను పట్టుకుని కూర్చోవడం కుదరదు.

మాత్రను మీ అంతట మీరు ఆపొద్దు. ఈ డిశ్చార్జి కాగితం, పాత స్ట్రిప్ తీసుకుని బీపీ డాక్టర్ దగ్గరికి వెళ్లి ‘ఈయన ఎండలో పనిచేస్తారు, సోడియం 125కి పడింది, ఉప్పు పంపే మందు లేకుండా వేరేది రాయగలరా?’ అని అడగండి. చాలా సందర్భాల్లో మారుస్తారు. మార్చాక వారం పది రోజుల్లో సోడియం, పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు చేయించాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు ఆ మాత్ర వేసుకోవాలా వద్దా అనేది కూడా అప్పుడే అడిగి రాయించుకోండి.

ఊరికి వెళ్లి వచ్చిన పదిహేను రోజుల సంగతి కూడా చెప్పాలి, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎండలో రోజూ పనిచేసే ఒంటికి ఏడు నుంచి పద్నాలుగు రోజుల్లో అలవాటు కుదురుతుంది. రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలై ఎక్కువగా పడుతుంది, ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్ చెమట గ్రంథుల్లోంచి ఉప్పును వెనక్కి లాగుతుంది. ఏప్రిల్ మొదట్లో మీవారి బనియన్ ఆరాక వీపు మీద తెల్లటి ఉప్పు చారలు కనబడి, నెలాఖరుకు పలచబడి ఉంటాయి, బట్టలు ఉతికే మీకే తెలియాలి. వారం పది రోజులు నీడపట్టున ఉంటే ఆ అలవాటు చాలా మటుకు పోతుంది. పెళ్లి నుంచి వచ్చి మొదటి రోజే పూర్తి పనికి దిగారు. అంటే చెమట మళ్లీ ఉప్పుగా పడుతున్న రోజుల్లోనే అత్యంత కష్టమైన పని చేశారు.

అసలు చెమట ఎందుకన్నది తెలిస్తే మిగతా జాగ్రత్తలు వాటంతట అవే తడతాయి. ఒంటిలోపలి వేడి 37 డిగ్రీల చుట్టూ అర డిగ్రీ అటూ ఇటూగా ఉండాలి. 64 కిలోల ఒళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 53 కిలోకేలరీలు చాలు. బరువు పనిలో కండరాలు గంటకు 300కు పైగా పుట్టిస్తాయి. చల్లబడే దారే లేకపోతే గంటలో ప్రాణం మీదికి వస్తుంది. ఒక లీటరు చెమట చర్మం మీదే ఆవిరైతే 580 కిలోకేలరీలు తీసుకుపోతుంది. ఆవిరి కావాలి, అదీ షరతు. గడ్డం మీంచి చుక్కలుగా కారిపోయిన చెమట దండగ, నీరూ ఉప్పూ పోయాయి తప్ప చలవ రాలేదు. కిటికీకి పెట్టిన కూలర్ కూడా చేసేది ఇదే పని. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ బాగా చల్లగా కొడుతుంది, రంజన్‌లో నీళ్లు చల్లబడతాయి, మన చెమటా ఇట్టే ఆరిపోతుంది. ఎంత ఇట్టే అంటే, చెమటే పట్టలేదని మనిషి పొరబడతాడు. జూన్‌లో నాలుగు చినుకులు పడ్డాక అదే కూలర్ తడి గాలి కొడుతుంది. ఆ రోజుల్లో 36 డిగ్రీలే ఉన్నా, పొడిగా ఉన్న 41 కన్నా ఒంటికి కష్టం. పనిలో విరామాలు పెంచాల్సింది అప్పుడు.

ఇలా లోపలి ఉప్పు, నీరు, వేడి కదలకుండా చూసుకోవడాన్ని తెలుగులో సమస్థితి అంటాం. 1926లో వాల్టర్ కానన్ దీనికి హోమియోస్టాసిస్ అని పేరు పెట్టాడు. పేరు వింటే కదలకుండా నిలబడి ఉన్నట్టుంటుంది గానీ, నిజానికి అది రోజంతా సర్దుకుంటూ ఉండే పని. ప్రతి సర్దుబాటుకూ కొంత టైము పడుతుంది. ఆ టైము ఇవ్వకుండా మనం తొందరపెడితేనే పేచీ.

ఎంత తాగాలో చెబుతాను. పని గంటల్లో ఇరవై నిమిషాలకు ఒక 200 మిల్లీలీటర్ల గ్లాసు చొప్పున గంటకు 600 మిల్లీలీటర్లు. గట్టి దాహమైతే గంటకు లీటరు. ఏ పరిస్థితిలోనూ గంటకు లీటరున్నర దాటకూడదు. లీటరు సీసా మీద మార్కర్‌తో ఐదు గీతలు గీసి ఇవ్వండి, గీతకో గ్లాసు. ఒక్కసారిగా సీసా ఎత్తి గటగటా తాగేస్తే నోరు, గొంతు తడిసి దాహం రెండు నిమిషాల్లోనే పోతుంది గానీ నీరు రక్తంలో కలవడానికి చాలాసేపు పడుతుంది. కొసరి కొసరి తాగడమే మంచిది.

ఆయన మోతాదు సరిపోతోందో లేదో తెలుసుకోవడానికి తూకం వేసే మిషన్‌ను మించింది లేదు. పొద్దున కాలకృత్యాలు అయ్యాక లుంగీ మీద ఒకసారి, సాయంత్రం చెమట తుడుచుకుని అదే లుంగీ మీద ఒకసారి బరువు చూడమనండి. 64 ఉన్నవారు సాయంత్రానికి 63, 63న్నర ఉంటే బాగుంది. 62.7 కన్నా దిగితే, అంటే రెండు శాతం పోతే, రేపు కొంచెం ఎక్కువ తాగాలి. 64 దాటితే ఎక్కువ తాగారు. ఎండలో ఎనిమిది గంటలు పనిచేసి బరువు పెరిగి ఇంటికొచ్చాడంటే అది ప్రమాద ఘంటికే. ఉంగరం బిగుసుకోవడం, వేళ్లు ఉబ్బడం కూడా అదే చెబుతాయి. వారం రోజులు రాసుకుంటే ఆయన ఒంటి లెక్క ఆయనకే వస్తుంది.

ఉప్పు విషయానికొస్తే, పొద్దున టీ, రెండు బిస్కెట్లతో పనికెళ్లి ఒంటిగంటకు అన్నం తినే అలవాటు ముందు మానాలి. చద్దన్నం, మజ్జిగ, మామిడికాయ ముక్క, లేదా ఉప్పు వేసిన జొన్న అంబలి కడుపునిండా తిని వెళ్లాలి. మధ్యాహ్నం అన్నం ఎగ్గొట్టకూడదు. మందు మార్చాక, బీపీ డాక్టర్ సరేనంటే, పని రోజుల్లో కూర మామూలు ఉప్పుతో, దానికి తోడు ఒక లీటరు పలుచటి మజ్జిగలో అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి, అంటే రెండున్నర నుంచి మూడు గ్రాములు. సెలవు రోజున, వానాకాలంలో మళ్లీ తక్కువ ఉప్పే. ఉప్పు బిళ్లలు వద్దు, కడుపులో మంట, వాంతి తప్ప ఒరిగేది లేదు. కొబ్బరినీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం తక్కువ, కాబట్టి అవి చెమటకు జవాబు కాదు. కొన్ని బీపీ మాత్రలు పొటాషియాన్ని ఒంట్లో నిలబెడతాయి, అవి వాడేవారు, కిడ్నీ జబ్బున్నవారు కొబ్బరినీళ్లనూ ‘లో సోడియం’ ఉప్పునూ డాక్టర్‌ను అడక్కుండా తీసుకోకూడదు. కల్లు చలవ చేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. మద్యం వేసోప్రెసిన్‌ను అణచి మూత్రం ఎక్కువ పోయేలా చేస్తుంది, ఒళ్లు ఇంకా ఎండుతుంది.

పనిలో దిగిన మొదటి వారం, పిక్కలు పట్టిన రోజు, వాంతులో విరేచనాలో అయిన రోజు ఓఆర్‌ఎస్ మంచిది. ఇందులో చేసే తప్పు ఒక్కటే, కానీ ఇంటింటా చేస్తారు: పెద్ద ప్యాకెట్ సగం గ్లాసులో కలపడం. 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తం, సరిగ్గా ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో, ఒకేసారి కలపాలి. అందులో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. పేగు గోడలో సోడియం, గ్లూకోజు రెండూ కలిసి ఒకే ద్వారం గుండా లోపలికి పోతాయి, వాటి వెంట నీరు పోతుంది. ఆ పాళ్లు తప్పి చిక్కగా కలిపితే పేగు నీటిని పీల్చుకోకపోగా ఒంట్లోంచే లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. రుచికని చక్కెర కలిపినా అదే గతి. 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న సాచెట్లు కూడా దొరుకుతాయి, ప్యాకెట్ మీద రాసిన నీటి కొలత చదివి కలపండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి. టెట్రా ప్యాక్‌ల తీపి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అని రాసి అమ్మడాన్ని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆపించింది. దానికోసం ఎనిమిదేళ్లు పోరాడింది మన హైదరాబాద్ పిల్లల డాక్టరే, శివరంజని సంతోష్. పాత సరుకు ఎక్కడైనా కనబడితే డబ్బా వెనక చక్కెర ఎంతో చదవండి.

అత్తమ్మ గారిది తలకిందుల సమస్య. వయసు పెరిగేకొద్దీ దాహం మొద్దుబారుతుంది, ఒంట్లో నీరు తగ్గినా మెదడు ఆ కబురు గట్టిగా చెప్పదు. మూత్రాన్ని చిక్కబరిచే శక్తి తగ్గి, నీరు పోతూనే ఉంటుంది. చెమట ఆలస్యంగా, తక్కువగా పడుతుంది. కాబట్టి ‘దాహమైతే తాగు’ అనే మాట ఆవిడకు పనికిరాదు, గడియారం చూసి ఇవ్వాలి. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల డాక్టర్ నీళ్లు తగ్గించమని చెప్పి ఉండకపోతే, మజ్జిగ, చారు, టీ అన్నీ కలిపి రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు. లేవగానే ఒక గ్లాసు, మాత్రలతో ఒకటి, పదకొండింటికి మజ్జిగ, భోజనంతో ఒకటి, మూడింటికి ఒకటి, టీ, ఆరింటికి ఒకటి. చాలామంది పెద్దవాళ్లు తాగకపోవడానికి అసలు కారణం దాహం లేకపోవడం కాదు, రాత్రి బాత్రూమ్‌కు లేవాలంటే భయం. ఎక్కువ భాగం సాయంత్రం ఆరులోపే ఇచ్చేస్తే ఆ భయం పోతుంది. చర్మం పట్టి లాగి చూసే పరీక్ష ముసలివారిలో మోసం చేస్తుంది, వదులైన చర్మం ఎలాగూ నెమ్మదిగానే దిగుతుంది. నాలుక ఎండిందా, లేచి నిలబడితే తూలుతోందా, పొద్దుట్నుంచి ఎన్నిసార్లు బాత్రూమ్‌కు వెళ్లింది, ఇవి చూడండి. మీది రేకుల ఇల్లయితే పైకప్పుకు తెల్లసున్నం వేయించండి. గది వేడి 40 దాటాక ఉత్త ఫ్యాను వేడిగాలినే ఒంటికి కొడుతుంది, తడిగుడ్డతో చేతులు, మెడ తుడిచి అప్పుడు వేయండి.

ఇద్దరిలో ఎవరికైనా మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా నోటితో ఇంకేమీ పట్టకుండా 108కి ఫోన్ చేయండి. ఒళ్లు కాలిపోతుంటే అది ఎండదెబ్బ. చెమట పడుతున్నా సరే ఎండదెబ్బ కావచ్చు. అంబులెన్స్ వచ్చేదాకా ఆగకుండా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు కుమ్మరించి విసరండి, మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టండి. ఒళ్లు మామూలుగా ఉండి, బాగా నీళ్లు తాగి, వాంతులు, తలనొప్పి, తడబాటు ఉంటే ఈసారి లాగే సోడియం కావచ్చు. అంబులెన్స్‌లో ఎక్కగానే ‘ఈయన ఇన్ని లీటర్లు తాగారు, ఇదివరకు సోడియం 125కి పడింది’ అని చెప్పండి. లేకపోతే ఎండలో పడిపోయాడని ఇంకో రెండు లీటర్లు తాగించేవాళ్లు చుట్టూ చాలామంది ఉంటారు.

పనికి పంపే ముందు ఒక రక్తపరీక్ష చేయించండి, సోడియం 135 దాటి ఉండాలి, తలతిరుగుడు ఉండకూడదు, మందు సంగతి తేలి ఉండాలి. ఆ తర్వాత మొదటి రోజు సగం పని, రెండో రోజు అరవై శాతం, మూడో రోజు ఎనభై, నాలుగో రోజు పూర్తి. కొత్తగా ఎండ పనికి వచ్చిన కుర్రాళ్లయితే మొదటి రోజు ఐదో వంతుతో మొదలుపెట్టి రోజుకు ఐదో వంతు పెంచాలి. మీవారు పాత చేయి కాబట్టి నాలుగు రోజులు చాలు, ఆసుపత్రి నుంచి వచ్చారు కాబట్టి ఇంకో రెండు రోజులు కలుపుకున్నా తప్పు లేదు. పన్నెండు నుంచి మూడు గంటల దాకా స్లాబ్ మీద కాకుండా కింద నీడలో పని ఇవ్వమని మేస్త్రీని అడగమనండి, కూలి తగ్గుతుందేమో అన్న దిగులు ఉంటే పొద్దున ఆరింటికే దిగి ఆ గంటలు సర్దుకోవచ్చు. పనిలో దిగిన పది రోజులకు ఇంకోసారి సోడియం చూపించండి, బరువు రాసుకున్న కాగితం కూడా డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లండి.